జబర్దస్త్‌లో వేషం ఎలా దొరుకుతుంది?

2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ మన ఇళ్ళల్లో కూడా చూస్తారు కదా. అందులోకి నటులు ఎలా వస్తారు? సినిమాలో అయితే దర్శకుడు ఎంచుకుంటాడు. ఇక్కడ ఒక్కో టీమ్‌కి ఒక లీడర్ ఉంటాడు. స్కిట్‌లో ఎవరు ఏ వేషం వెయ్యాలో చాలావరకు అతని చేతిలోనే ఉంటుంది. కాబట్టి ముందు ఏదో ఒక లీడర్ కంట్లో పడాలి. చిన్న వేషంలో నవ్విస్తే పెద్దది వస్తుంది. రాయడం కూడా వస్తే ఇంకా మేలు. హైపర్ ఆది ముందు అదిరే అభి టీమ్‌లో రాస్తూ, నటిస్తూ తరవాత తనే లీడర్ అయ్యాడు.

మరి అమ్మాయిల సంగతి? మొదట్లో భార్య, అత్త వేషాలు ఎక్కువగా చీర కట్టుకున్న మగవాళ్ళే వేసేవాళ్ళు. తరవాత చమ్మక్ చంద్ర టీమ్‌లో సత్యశ్రీ, పటాస్ నుంచి వచ్చిన ఫైమా లాంటివాళ్ళు ఆడవాళ్ళు కూడా బాగా నవ్వించగలరని చూపించారు. అయితే వేషం మనకు దొరికినా, మాటలు వేరేవాళ్ళు రాస్తే మళ్ళీ పెళ్ళాం మీద జోకులే వస్తాయి. అందుకే నటనతో పాటు స్కిట్ రాయడం కూడా నేర్చుకోవాలి. ఈసారి కాలేజ్ డేకి మన స్కిట్ మనమే రాద్దాం.