రైలు పెట్టెల్లా మెథడ్‌లు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కూ తెలుగువారికీ ఉన్నది రైలు బంధం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కొలువుల కోసం వెళ్లిన ఎన్నో కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఆ స్టేషన్‌లోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. దానిపై ఆగిన బండిని గమనిస్తే కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని ‘మెథడ్ చెయినింగ్’ తేలిగ్గా అర్థమవుతుంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో సమాచారాన్నీ, దానితో చేసే పనులనూ కలిపి ఒకే ‘ఆబ్జెక్ట్’గా ఉంచుతారు. ఆ పనులే మెథడ్‌లు. వాటిని ఒక్కో వరుసలో విడివిడిగా పిలవవచ్చు, లేదా ఇలా గొలుసుగా కట్టవచ్చు:

బండి.చేర్చు("స్లీపర్").చేర్చు("ఏసీ").బయలుదేరు()

ఇది ఎలా సాధ్యం? ‘చేర్చు’ తన పని ముగించి, ఆ బండినే తిరిగి అందిస్తుంది. తర్వాతి మెథడ్ దాన్ని అందుకుంటుంది. పెట్టెల మధ్య కప్లింగ్ ఎలాంటిదో, మెథడ్‌ల మధ్య ఈ తిరిగిచ్చే విలువ అలాంటిది. మాట్లాడినట్టు సాగే ఇలాంటి శైలికి 2005లో ఎరిక్ ఇవాన్స్, మార్టిన్ ఫౌలర్ ‘ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్’ అని పేరు పెట్టారు. 2006లో వచ్చిన జేక్వెరీ దీన్ని వెబ్ ప్రోగ్రామర్లకు అలవాటు చేసింది.

రైలు నడుస్తుండగా కప్లింగ్ విడిపోతే బ్రేకు గొట్టంలోని గాలి పోయి బండి మొత్తం ఆగుతుంది. ప్రోగ్రామూ అంతే. పైథాన్‌లో జాబితాను క్రమంలో పెట్టే ‘సార్ట్’ మెథడ్ ఏ జాబితానూ తిరిగివ్వదు. ‘ఏమీ లేదు’ అనే అర్థంలో ‘నన్’ ఇస్తుంది. దానికి వెంటనే ‘రివర్స్’ తగిలిస్తే ప్రోగ్రాము లోపం చూపి ఆగిపోతుంది. అప్పటికే జాబితా మాత్రం క్రమం మారి ఉంటుంది!

ఇది పొరపాటున జరిగింది కాదు. పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రాసమ్ 2003లో దీనికి కారణం చెప్పారు. అసలు వస్తువునే మార్చే పనులను గొలుసు కడితే చదివేవారికి ఆ మార్పు కనిపించకుండా పోతుందని ఆయన అభిప్రాయం. అక్షరమాలల విషయం వేరు. ‘స్ట్రిప్’, ‘లోయర్’ వంటి మెథడ్‌లు పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త విలువను ఇస్తాయి కాబట్టి వాటిని గొలుసు కట్టినా చిక్కు లేదు.

కాబట్టి గొలుసు కట్టేముందు ప్రతి మెథడ్‌నూ ఒక ప్రశ్న అడగాలి: తిరిగిచ్చేది అదే వస్తువా, కొత్తదా, లేక ఏమీ లేదా? గొలుసు పొడవైతే వరుసకొక మెథడ్ చొప్పున రాయడం మేలు. లోపం వచ్చినప్పుడు ఏ కప్లింగ్ దగ్గర ఊడిందో వెతకడం సులువవుతుంది.