గర్భస్థ పిండము మొదలు ఉద్దానము వరకు: ఒక గ్రాహకము కథ

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములతో కూడిన ఉద్దానము కొబ్బరి, జీడితోటలకు ప్రసిద్ధి. అయినను నేడు ఆ పేరు వినగానే మూత్రపిండముల జబ్బు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ రోగులలో పలువురు పాలిపోయి, నాలుగడుగులు వేయగానే ఆయాసపడుదురు. మూత్రపిండము చెడినచో రక్తమేల తగ్గవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును మేము తల్లి గర్భమునుండి ఆరంభింపదలచితిమి.

కణములు పరస్పరము సందేశములు పంపుకొనుటకు వాడు చిన్న ప్రోటీనులలో సైటోకైనులు ఒక వర్గము. వానిని అందుకొనుటకు కణపు పొరపై నుండు ప్రోటీనులే గ్రాహకములు. తగిన గ్రాహకమున్న కణమునకే ఆ సందేశము చేరును.

ఎర్ర రక్తకణముల వృద్ధికి వలసిన సైటోకైను పేరు ఎరిత్రోపోయిటిన్. ఇది జంటగా నున్న గ్రాహకములను తాకగానే, లోపలివైపున వానిని అంటియున్న జాక్-2 అను ఎంజైము చైతన్యము పొందును. అది స్టాట్-5 అను ప్రోటీనును ప్రేరేపించును. ఆ ప్రోటీను కేంద్రకమును చేరి, కణము నశింపక పరిపక్వమగుటకు వలసిన జన్యువులను మేల్కొల్పును.

ఈ గ్రాహకము ఎంత అవసరమో 1995లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధన రుజువుచేసినది. దాని జన్యువు తొలగింపబడిన పిండములు గర్భములో సుమారు 13వ దినమున తీవ్ర రక్తహీనతచే మరణించినవి. వాని కాలేయములో మూలకణములు ఏర్పడినవి. కాని ఎర్రకణములుగా పరిణతి చెందలేదు. అనగా గ్రాహకము కణమును పుట్టించదు, పుట్టిన కణమును బ్రతికించి పెంచును.

గర్భములో ఎరిత్రోపోయిటిన్‌ను ప్రధానముగా కాలేయమే తయారుచేయును. జననానంతరము ఆ బాధ్యత మూత్రపిండములకు సంక్రమించును. ఎర్రకణములు ఎముకల మూలుగలో తయారగును. కనుకనే మూత్రపిండములు క్షీణించినపుడు, మూలుగలో గ్రాహకములు ఉన్నను వానికి చాలినంత సందేశము అందదు.

1977లో గోల్డ్‌వాసర్ బృందము మానవ మూత్రమునుండి ఈ హార్మోనును శుద్ధిచేసినది. 1985లో దాని జన్యువు, 1989లో గ్రాహకపు జన్యువు వెలికితీయబడినవి. జన్యు సాంకేతికతతో తయారైన హార్మోను 1989లోనే అమెరికాలో మందుగా అనుమతి పొందినది. ఈ సూదిమందు రక్తహీనతను తగ్గించును గాని మూత్రపిండమును బాగుచేయదు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఉద్దానపు జబ్బునకు మూలకారణము ఇంకను నిర్ధారణ కావలసియున్నది. అంతవరకు, మన ఊరిలో పాలిపోయిన మనిషి కనబడినపుడు ఇనుము మాత్రలతో సరిపెట్టక, రక్తములో క్రియాటినిన్ పరీక్ష కూడ చేయించుకొమ్మని చెప్పుట విద్యావంతులమైన మన కనీస ధర్మము.