సముద్రంలో బంతి భోజనాలు

ఉత్తర సముద్రంలో జర్మనీకి చెందిన హెల్గోలాండ్ అనే చిన్న దీవి ఉంది. 1962 నుండి శాస్త్రజ్ఞులు అక్కడి నీటిని పరీక్షిస్తూ వస్తున్నారు. వసంతంలో ఎండ పెరగగానే డయాటమ్‌లనే సన్నని నాచు ఆ నీటిలో ఒక్కసారిగా విస్తరిస్తుంది, కొద్ది వారాలకే చచ్చిపోతుంది. మరి ఆ మిగిలినదంతా ఎవరి పాలు?

2009 వసంతంలో వారు దీన్ని జాగ్రత్తగా గమనించారు. అంతవరకు ఆ నీటిలో ఎక్కువగా ఉన్నది సార్-11 అనే బాక్టీరియా. అది కొద్దిపాటి ఆహారంతోనే సరిపెట్టుకొంటుంది. నాచు చావడంతో వేరేవి విజృంభించాయి. మన పెండ్లిళ్లలో ఒక బంతి లేవగానే మరో బంతి కూర్చున్నట్లు, ముందు అల్విబాక్టర్, పిమ్మట ఫార్మోసా, ఆ తరువాత రీనెకియా, పోలారిబాక్టర్! నాచులోని చక్కెరలు ఒక రకం కావు. లామినారిన్ సులువుగా అరుగుతుంది. తక్కినవాటిని విడగొట్టడానికి వేరే ఎంజైములు కావాలి. ఎవరి కత్తెర వారిదే.

2012 వరకు ఏటేటా చూశారు. నాచు జాతులు మారినా, ముఖ్యమైన బాక్టీరియా గుంపులు మాత్రం మళ్లీ మళ్లీ అవే వచ్చాయి. మాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది ఇదే. ఇవి తిన్న చక్కెరలోని కర్బనం చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా మారి నీటిలో కలుస్తుంది. తినక వదిలినదానిలో కొంత సముద్రపు అడుగుకు దిగిపోతుంది.