పేటలో షుగర్, బీపీ: మంచి అలవాట్ల గురించి మనం ఎలా మాట్లాడుకోవాలి?

ఏప్రిల్ 14 రాత్రి కోనసీమలో ఏ పేటకు వెళ్ళినా ఒకటే వరస. సభ సాయంత్రం ఆరింటికని కరపత్రంలో ఉంటుంది. మొదలయ్యేది తొమ్మిదికి. వక్తలు పదిహేను మంది. మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి మిరపకాయ బజ్జీ. పన్నెండింటికి బిర్యానీ. తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో విగ్రహానికి దండ వెయ్యాలి. మేమూ ఏళ్ళ తరబడి ఇలాగే తిరిగాం. మాతో పాటు బండి మీద ఊరూరూ తిరిగిన ఒక అన్న యాభై రెండేళ్ళకే పోయాడు. గుండెపోటు. చొక్కా జేబులో బీపీ మాత్రల షీటు ఉంది. అందులో వాడినవి రెండే. సంతాప సభ కూడా రాత్రి తొమ్మిదికే మొదలుపెట్టాం, మళ్ళీ టీలతోనే.

దాడి జరిగితే నిజనిర్ధారణకు వెళ్తాం, కేసు కట్టే దాకా స్టేషన్ ముందు కూర్చుంటాం. షుగర్, బీపీ అనేసరికి మాత్రం అది వాళ్ళింటి విషయం అనుకుంటాం. అందుకే ఈ వ్యాసం.

ముందు మన ప్రాంతం లెక్కలు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశోధకులు ఏడాది పాటు నమోదు చేశారు. ఆ గ్రామాల జనాభా దాదాపు 1,80,000. 2004 అక్టోబరుతో ముగిసిన ఆ పన్నెండు నెలల్లో 1,354 మంది చనిపోయారు. అందులో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటు రోగాల వాటా 12 శాతం. పల్లెటూళ్ళో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారు, గుండెపోటు పట్నంలో డబ్బున్నోళ్ళ జబ్బు అన్న నమ్మకం మన నేల మీదే తప్పని తేలింది. అదే ప్రాంతంలో 20 గ్రామాల్లో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షిస్తే 13.2 శాతం మందికి షుగర్ ఉంది. వాళ్ళలో సగం మందికి ఆ పరీక్ష దాకా ఆ సంగతే తెలియదు. ఇవి 2006లో అచ్చయిన లెక్కలు. ఇరవై ఏళ్ళ కిందటి మాట.

మరి పత్రికల్లో, యూట్యూబ్‌లో ఆరోగ్యం గురించి సలహాలు లేవా? బోలెడన్ని. పొద్దున్నే నడవండి, అన్నం తగ్గించండి, సలాడ్ తినండి, ఒత్తిడి వద్దు. ఈ మాటల్లో తప్పేమీ లేదు. కాకపోతే అవి ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తున్నారో చూడాలి. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడిని, ఇంటి ముందు సిమెంటు రోడ్డు, వీధి దీపం ఉన్నవాడిని. అన్నం గురించి చిన్నప్పటి నుంచీ బెంగ లేనివాడిని.

అన్నం దగ్గరే కాస్త ఆగుదాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. ఆ వరి ఊడ్చింది, కోసింది, నూర్చింది మనవాళ్ళు. ఇంటికి తెచ్చుకున్నది మాత్రం కూలి గింజలు, నూకలు. నూకల జావ, చోడి అంబలి తాగి పెరిగిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు. తెల్లటి అన్నం కంచం నిండా తినడం ఆ తరానికి పండగ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ పండగ రోజూ ఇంటికొచ్చింది. ఆకలి చావులు తగ్గాయి. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆకలి ఎరగనివాళ్ళు. అలాంటి అవ్వ దగ్గరికెళ్ళి ‘అన్నం తగ్గించు’ అంటే ఆమెకు ఏం వినపడుతుంది? ‘మళ్ళీ వెనక్కి పో’ అని వినపడుతుంది.

అందుకని మేం చెప్పే తీరు మార్చుకున్నాం. అన్నం తగ్గించమని మొదలుపెట్టం. కూర పెంచమంటాం. పేట కంచంలో ఇబ్బంది అన్నం ఒక్కటే కాదు. అంత అన్నానికీ తోడు ఇంత పచ్చడి, నీళ్ళ చారు. రేషన్‌లో బియ్యం దొరికినంత తేలిగ్గా పప్పు, గుడ్డు దొరకవు. కంచంలో సగం కూర, పావు వంతు పప్పో గుడ్డో చేపో మాంసమో వచ్చాక, అన్నం దానంతటదే పావుకు దిగుతుంది. ఒక్కరోజులో దిగదు, నెలలు పడుతుంది. తోటకూర, గోంగూర, పొన్నగంటి కూర, మునగాకు, చింతచిగురు డెల్టాలో కరువు కాదు. పెద్దకూర గురించి సిగ్గు పడాల్సింది లేదు. అందులో మాంసకృత్తులు, ఇనుము పుష్కలం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట ఆ కూరను చులకన చేసేవాళ్ళ మాట వినక్కర్లేదు. కొవ్వు ముక్కలు తీసెయ్యండి, నూనె తగ్గించండి, పైన నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఒంటికి అందాల్సిన ఇనుము అందదు. గంట ఆగండి.

మన బియ్యం గురించి ఇంకో సంగతి. పశ్చిమ గోదావరిలోని మారుటేరు వరి పరిశోధనా స్థానం 1982లో ఎంటీయూ 7029 అనే రకాన్ని విడుదల చేసింది. అదే స్వర్ణ. ముతక బియ్యమని పెళ్ళిళ్ళలో వండరు, చుట్టాలకు పెట్టరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 235 వరి రకాలను పరీక్షించి 2012లో ఫలితాలు చెప్పింది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ 48 నుంచి 92 దాకా తేలింది. 55, అంతకంటే తక్కువ ఉంటే మేలైన వైపు లెక్క. స్వర్ణ ఆ తక్కువ వైపు ఉంది. హోదా కోసం సన్నబియ్యం వైపు పరుగెత్తే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు. స్వర్ణ అయినా కుండెడు తింటే చక్కెర పెరుగుతుంది, అది వేరే మాట. చద్దన్నం కూడా అంతే. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. పొలానికి వెళ్ళే ముందు చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకున్న అమ్మమ్మలకు ఈ సూత్రం తెలియదు, పద్ధతి తెలుసు.

ఉప్పు దగ్గర మాత్రం మనం రాజీ పడకూడదు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఊరగాయ, పచ్చడి, పైన మజ్జిగలో ఇంకాస్త ఉప్పు. మనిషికి రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే సుమారు ఒక చెంచా, ఇంటిల్లిపాదికీ కాదు, ఒక్కో మనిషికి, అన్నిట్లోదీ కలిపి. ఎండు చేపను రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కూరలో విడిగా ఉప్పు వెయ్యకుండా వండండి. ఒకప్పుడు పొలం బోదెల్లో దొరికిన ఇంగిలాయిలు, నత్తలు, పీతలు ఇప్పుడు పురుగుమందుల దెబ్బకు కనబడవు. ఎండువాటి మీద ఆధారపడటం పెరగడానికి అదీ ఒక కారణమని మా అనుమానం.

ఇక వ్యాయామం. సార్వా ఊడ్పుల్లో రోజంతా నడుం వంచి బురదలో వెనక్కి నడిచే అక్కకు ‘రోజూ అరగంట నడువు’ అని చెప్పడం ఎగతాళి. కానీ ఆమె ఒంటికి ఆ శ్రమే వ్యాయామం అనుకోవడం కూడా పొరపాటే. విశ్రాంతి లేకుండా, ఒకే భంగిమలో, తన చేతిలో లేని వేగంతో చేసే పని గుండెకు వ్యాయామంలా మేలు చెయ్యదని పనిచేసే శరీరాలను పరిశీలించిన కొందరు పరిశోధకులు చెప్తున్నారు. ఆమెకు కావలసింది గంటకోసారి నడుం ఎత్తి వెనక్కి వంగే ఐదు నిమిషాలు, నీళ్ళు, నీడ, సాయంత్రం కాళ్ళు చాపుకునే వీలు. ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోవాల్సినవి. కూలి రేటు మాట్లాడేటప్పుడే వాటినీ కలిపి మాట్లాడాలి. పొలాలు చెరువులయ్యాక భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో గంటల తరబడి తడిలో నిలబడి తొక్క తీసే ఆడపిల్లలదీ ఇదే లెక్క.

కూర్చుని చదివే విద్యార్థి, బండి మీద తిరిగే కార్యకర్త సంగతి వేరు. మనకు సాకు లేదు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడక. రెండు రోజులు కండరాలకు పని: గోడకు చేతులు ఆనించి తోయడం, గుంజీలు, బరువు ఎత్తడం. అయితే ఎక్కడ నడవాలి? రాజమండ్రిలో గోదావరి గట్టు ఉంది. పేటలో అయితే పుంత రోడ్డు, కాలువ గట్టు, చీకటి. ఊళ్ళోకి నడిచి వెళ్తే ‘ఈ వేళప్పుడు ఎక్కడికి’ అని ఆడపిల్లను ఆపి అడిగేవాళ్ళు. ఈ దేశంలో మనం నడవడమే ఒకప్పుడు ఉద్యమం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వెంట జనం చవదార్ చెరువు దాకా నడిచారు. గట్టు మీద వీధి దీపాల కోసం, హైస్కూలు గ్రౌండు పొద్దున్నే అందరికీ తెరవడం కోసం పంచాయతీకి అర్జీ పెట్టడాన్ని కూడా ఆరోగ్యపు అలవాట్లలోనే లెక్కవేస్తాం. ఐదారుగురు కలిసి వెళ్ళండి. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది మూడో వారం మానేస్తారు, మేమూ మానేశాం.

బీపీకి లక్షణాలు ఉండవు. తలనొప్పి వస్తేనే బీపీ అనుకుని, లేనప్పుడు మాత్ర ఆపేస్తారు. మా అన్న చేసింది అదే. యువజన సంఘం తలా కొంత వేసుకుని ఒక డిజిటల్ మిషన్ కొనుక్కోవచ్చు. చూసే ముందు అరగంట టీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు చూడాలి. వేరు వేరు రోజుల్లో 140/90 దాటుతుంటే డాక్టరు దగ్గరకు. పరగడుపున షుగర్ 126 లేదా అంతకు మించి వస్తే మళ్ళీ పరీక్ష చేయించాలి. నడుం చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చెయ్యాలి. ఊరికొచ్చే 104 వాహనంలో మాత్రలు ఇస్తారు. బండి ఊరి సెంటర్లోనే ఆగి పేట దాకా రాకపోతే అడగాలి.

ఇలా పరీక్షలను ఉద్యమంలో కలపడం కొత్తేమీ కాదు. అమెరికాలో బ్లాక్ పాంథర్లు 1969లో పిల్లలకు ఉచిత అల్పాహారం మొదలుపెట్టారు, తర్వాత సొంత క్లినిక్‌లు నడిపారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరు తీసుకున్నారు. మన రాజమండ్రి కుసుమ ధర్మన్న కవి మాత్రమే కాదు, ఆయుర్వేద వైద్యుడు కూడా. బాబాసాహెబ్ 1948 నుంచి మధుమేహంతో బాధపడ్డారు, 65 ఏళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన రాత్రంతా మేలుకుని చదివారని గొప్పగా చెప్తాం, ఆ ఒళ్ళు ఎంత అలిసిందో చెప్పం.

నిద్ర, మనసు. ఏదో ఊళ్ళో దాడి జరిగిన వీడియో రాత్రి పదకొండుకు గ్రూపులో పడుతుంది. చూస్తాం, పంపిస్తాం, రెండింటి దాకా మేలుకుంటాం. మర్నాడు కలెక్టరేట్‌కు వెళ్ళాల్సిన మనిషి ఎర్ర కళ్ళతో వెళ్తాడు. మేం వంతులు పెట్టుకున్నాం. రాత్రి ఒకరే ఫోన్ చూస్తారు, అత్యవసరమైతే లేపుతారు. మిగతావాళ్ళు ఏడు గంటలు పడుకుంటారు. మొదట్లో తప్పు చేస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు యాప్‌లలో అమ్ముతున్న మైండ్‌ఫుల్‌నెస్‌కు తెలుగులో ఎరుక అనే మంచి మాట ఉంది. అది బుద్ధుడు చెప్పింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట లక్షల మంది తీసుకున్న దారిలోది. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది, మనకు దూరమైనదేమీ కాదు. పొద్దున్నే పది నిమిషాలు కూర్చుని ఊపిరి వచ్చేదీ పోయేదీ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. మనసు పారిపోతే తిట్టుకోకుండా మళ్ళీ ఒకటి. బ్లాక్ పాంథర్ ఎరికా హగ్గిన్స్ జైల్లో తనంతట తాను ధ్యానం నేర్చుకున్నారు. పోరాటం మాత్రం మానలేదు. ఎరుక అంటే కూలి ఎగ్గొట్టినవాడిని చిరునవ్వుతో భరించడం కాదు. 2017లో గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవలో దళితులను వెలివేసి పనులకు పిలవడం మానేసినప్పుడు, ఆ ఇళ్ళలోని ఒత్తిడి ఊపిరి లెక్కపెడితే పోయేది కాదు. దానికి మందు కేసు, పని, పక్కన నిలబడే మనుషులు. రెండూ కావాలి. కాలేజీలో అవమానం మింగుకుని గదిలో ఒంటరిగా ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ 14416 నంబరు చెప్పండి. అది టెలి మానస్, ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఇచ్చి వదిలెయ్యకుండా గదికి వెళ్ళి కూర్చోండి.

తాగుడు గురించి పేట ఆడవాళ్ళ కంటే మేం ఎక్కువ చెప్పగలిగిందేమీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చివరికి 1993లో సారా నిషేధం తెచ్చింది. పంచశీలలో ఐదోది కూడా అదే. జయంతి ఊరేగింపులో సీసాలు కనబడుతుంటే దండ వేసేవాళ్ళు ముందు వాటి సంగతి చూడాలి.

పోయిన ఏప్రిల్‌లో మా సభ ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాం. వక్తలు ఐదుగురే. మాట్లాడే అవకాశం రానివాళ్ళు అలిగారు, ఇద్దరు ఇప్పటికీ మాట్లాడటం లేదు. వేదిక పక్కన ఒక బల్ల వేసి బీపీ మిషన్ పెట్టాం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలను ఒక్కొక్కరినీ బతిమాలి కూర్చోబెడితే ముగ్గురికి 160 దాటింది. అందులో ఒకాయన సభాధ్యక్షుడు. మర్నాడు ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కుర్రాళ్ళు వంతు వేసుకున్నారు.