లెక్కకు రానివారి లెక్క

జనాభా లెక్కలు వ్రాయుటకై వాకిట నిలిచిన బడిపంతులుగారికి ఇంటిలోని వారి పేర్లను ఒక్కొక్కటిగా చెప్పుచు, కోడలిని, మనుమలను వ్రాయించిన పిమ్మట, దుబాయిలో పనిచేయుచున్న కొడుకు పేరును కూడ ఒక తల్లి చెప్పబోయినచో, ఆయన కలము అచ్చట ఆగిపోవును. 2011 జనగణనలో, ఫిబ్రవరి 9వ తేదీ మొదలు 28వ తేదీ వరకు ఊర లేనివానిని ఆ యింటి పట్టికలో చేర్చరాదని నియమము. కన్నతల్లి లెక్కలో నున్న కొడుకు సర్కారు లెక్కలో లేకపోవుట ఆమెకు వింతగా తోచవచ్చును గాని, జనసంఖ్యాశాస్త్రము నెరిగినవారికి అందొక గొప్ప పాఠము కలదు. ఉన్నవారిని ఎంచుట యెంత ముఖ్యమో, లేనివారి జాడను ఆ యంకెలలోనే చదువగలుగుట యంత ముఖ్యము.

మన దేశమున తొలి జనగణన ఒక్కొక్క సీమలో ఒక్కొక్కప్పుడు సాగి, 1872లో ముగిసెను. 1881 మొదలు పది యేండ్ల కొకమారు, దేశమంతట ఒకే కాలమున లెక్కించు పద్ధతి యేర్పడెను. 2011లో, మార్చి 1వ తేదీ తొలి నిమిషమును ప్రమాణముగా గైకొని, ఇల్లు వాకిలి లేనివారిని సైతము ఆ ముందటి రాత్రి వెదకి లెక్కించి, మనము 121 కోట్లమందిమని తేల్చిరి. ఇంతటి మహాసంఖ్య యైనను దానిని పెంచునవి, తగ్గించునవి మూడే: జననము, మరణము, వలస. ఊరి చెరువునకు వానయు, ఎండయు, వాగుల రాకయు, తూముల పోకయు ఎట్టివో, ఒక ప్రదేశపు జనసంఖ్య కివి యట్టివి. నీటిమట్టము తగ్గినదన్నంత మాత్రమున ఏ త్రోవను తగ్గినదో తెలియదు; తెలిసికొనుటయే జనసంఖ్యాశాస్త్రము. ఆ చెరువు అచ్చటనే యేల యున్నది, పొరుగుసీమ యేల బీడువారినది అని నేలవైపు నుండి విచారించునది జనసంఖ్యా భూగోళశాస్త్రము.

మొదట మృత్యువును చూతము. వేయిమంది జనములో ఏటికి ఎందరు మరణించిరో తెలుపు సంఖ్యను మరణరేటు అందురు. 1876లో రాయలసీమపై విరుచుకొనిపడిన ధాత కరువును మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. ఆ కరువునకు ముందు 1871లోను, తరువాత 1881లోను చేసిన లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, కర్నూలు జిల్లాలో జనము సుమారు నాలుగవ వంతు తరిగిపోయినట్లు కాననగును. ఆ లోటులో ఆకలికి బలియైనవారు మాత్రమే కాక, మూటాముల్లె నెత్తినిడుకొని ఊరు విడిచిపోయినవారును, బక్కచిక్కిన తల్లుల గర్భమున పడకయే పోయిన బిడ్డలును కలరు. మూడు కారణములును ఒక్క తీసివేతలో నిమిడిపోయినవి.

దేశము మొత్తమునకును ఇట్టి గాయమొకటి తగిలెను. 1911లో 25 కోట్ల 21 లక్షలుగా నున్న జనము 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు తగ్గుటకు ముఖ్యకారణము 1918లో వచ్చిన విషజ్వరము. అటుపిమ్మట మన జనసంఖ్య యే దశాబ్దమునను వెనుకకు పోలేదు; 1951లో 36 కోట్లాయెను, అరువది యేండ్లకు మూడింతలు దాటెను. దీనిని చూచి, మనవారు పూర్వము కంటె ఎక్కువగా పిల్లలను కనిరని తలచుట పొరపాటు. మశూచి టీకాల వలనను, మలేరియా నివారణ వలనను, కరువు కాలమున ధాన్యమును చేరవేయు రవాణా వలనను మరణములు ముందు తగ్గెను; జననములు తగ్గుటకు మరికొన్ని దశాబ్దములు పట్టెను. ఈ రెంటి నడుమ నుండిన యెడమే జనవృద్ధి. వారెన్ థాంప్సన్ అను పండితుడు 1929లో దేశదేశముల లెక్కలను పరిశీలించి చూపిన ఈ క్రమమునే జనసంఖ్యా పరివర్తన మందురు.

ఇక నేలను చూతము. చదరపు కిలోమీటరున కెందరు నివసింతురో తెలుపునది జనసాంద్రత. 2011లో పశ్చిమ గోదావరి జిల్లాలో అది 500కు పైబడగా, కడప జిల్లాలో 200కు లోబడి యుండెను. 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన సీమలో ఎకరము భూమి ఎందరికి అన్నము పెట్టగలదో, వానమబ్బు కొరకు ఎదురుచూచు మెట్టసీమలో అందరికి పెట్టజాలదు. జనసాంద్రతా పటమును నీటి పటముపై పరచినచో రెండును చాలవరకు ఒకదానిపై నొకటి యొదిగిపోవును.

నీరు లేనిచోటి నుండి మనుష్యుడు కదలును. 1885లో రావెన్‌స్టీన్ అను పండితుడు వలసలకు సూత్రములు కట్టి, పెక్కుమంది దగ్గరి చోటులకే పోవుదురనియు, దూరము పోవువారు పెద్ద నగరములకే పోవుదురనియు చెప్పెను. పుట్టినూరు విడిచి వేరొక యూరి అత్తవారింటికి పోయిన ప్రతి ఆడబిడ్డయు మన జనగణనలో వలసదారుయే యని తెలిసినచో ఆశ్చర్యము కలుగక మానదు. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి జిల్లాలవారు ఒకప్పుడు ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయిరి. 1942లో జపాను సేనలు రాగా వేలమంది అడవుల వెంట, కొండల వెంట నడచి తిరిగివచ్చిరి. తరువాతి తరము గల్ఫు దారి పట్టెను. 2011లో దేశమున వేయిమంది పురుషులకు 943 మంది స్త్రీలుండగా, శ్రీకాకుళము జిల్లాలో 1015 మందియు, నిజామాబాదు జిల్లాలో 1040 మందియు ఉండిరి. స్త్రీల దీర్ఘాయువునకు ఇందు కొంత పాలున్నను, ఆ హెచ్చు చాలమట్టుకు పొట్ట చేతబట్టుకొని పోయిన మగవారి పాదముద్రయే.

అయితే, వేయిమంది పురుషులకు గల స్త్రీల సంఖ్యయగు ఈ లింగనిష్పత్తిలోని మరియొక లోటును చూచినప్పుడు మనస్సు కలత చెందును. ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుండగా, 2001లో 927 మందియు, 2011లో 919 మందియు మాత్రమే ఉండిరి. గర్భస్థ శిశువు ఆడో మగో తెలుపరాదని 1994లో చట్టము వచ్చినను, ఆ పతనము ఆగలేదు. వలసపోయినవాడు పండుగకు తిరిగి రావచ్చును. ఈ బిడ్డలు రారు.

కడపటిది సంతానము. ఒక స్త్రీ తన జీవితకాలమున సగటున కను బిడ్డల సంఖ్యను మొత్తము సంతానరేటు అందురు. తల్లిదండ్రుల స్థానమును పిల్లలు భర్తీ చేయుటకు అది 2.1 ఉండవలెను. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8గా తేలెను. ఇద్దరికి మించి సంతానము గలవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదని 1994లో విధించిన నిబంధనను ఆంధ్రప్రదేశ శాసనసభ 2024లో తొలగించుట, ముప్పది యేండ్లలో గాలి ఎటు తిరిగెనో తెలుపుచున్నది. వయోవర్గముల వారీగా జనమును పేర్చి గీయు చిత్రము ఒకప్పుడు గోపురమువలె అడుగున విశాలమై యుండెడిది. ఇప్పుడు అడుగు ఇరుకై, నడుము లావెక్కినది. నేడు సంపాదించుచున్న నడివయస్కులు రేపు వృద్ధులైనప్పుడు, వారిని ఆదుకొనవలసిన చేతులు తక్కువగా నుండును. పనిచేయు వయసువారికిని, వారిపై ఆధారపడు వయసువారికిని గల ఈ నిష్పత్తినే పరాధీనతా నిష్పత్తి యందురు. పింఛనులు, ఆసుపత్రులు, వృద్ధుల సంరక్షణ మొదలగు వాని కిప్పటి నుండియే ఏర్పాటులు చేసికొనవలసినదని ఆ చిత్రము మనల హెచ్చరించుచున్నది.

2021లో జరుగవలసిన జనగణన, ఇప్పుడు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా జరుగుటకు నిర్ణయమైనది. పంతులుగారు మరల వాకిట నిలుతురు. అడిగినదానికి నిజము చెప్పుట మన విధి. వ్రాసికొనిపోయిన అంకెలను అక్కరతో చదువుట పాలకుల విధి. కొడుకు పేరు పట్టికకెక్కలేదని ఆ తల్లి చిన్నబుచ్చుకొన నక్కరలేదు. జిల్లా లెక్కలో స్త్రీల సంఖ్య హెచ్చుగా కనబడిన చోట, చదువ నేర్చినవానికి ఆమె కొడుకు కనబడును.