చట్టం ఒకచోట, అమలు ఒకచోట, తీర్పు ఒకచోట



మీలో పెద్దవాళ్లకు మునసబు గుర్తుండే వుంటాడు. ఆంధ్ర పల్లెల్లో శిస్తు వసూలు చేసేది ఆయనే. చిన్న చిన్న బాకీ తగాదాలు విని తీర్పు చెప్పేదీ ఆయనే. మరి ఆ మునసబుతోనే తగాదా వస్తే? ఎవరితో చెప్పుకోవాలి? 1984లో ప్రభుత్వం ఆ పదవిని తీసేసింది.

అధికారమంతా ఒక్క చేతిలో వుంటే చిక్కు ఇదే. అందుకే మన రాజ్యాంగం పనిని మూడు చోట్ల పెట్టింది. చట్టం చేసేది శాసనసభ, పార్లమెంటు. అమలు చేసేది ప్రభుత్వం. అంటే మంత్రుల నుంచి కలెక్టరు, తహసీల్దారు దాకా. తగాదా తీర్చేది కోర్టు.

ఆడపిల్లల ఆస్తి సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

పూర్వం హిందూ కుటుంబాల్లో తాతల నాటి ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే వాటా వుండేది. కూతురికి లేదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో ఆ చట్టాన్ని మార్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ సమాన వాటా అంది. కానీ ఒక మెలిక పెట్టింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి వాటా లేదు. ఒకే ఇంట్లో చెల్లెలికి వుంది, అక్కకు లేదు! ఇదేం లెక్కో నాకైతే అర్థం కాదు. 2005లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం మార్చి ఆ మెలిక తీసేసింది. పెళ్లయినా, కాకపోయినా సమాన వాటాయే.

చట్టం రాగానే పొలం చేతికి రాదు కదా. కాగితాల్లో పేరు ఎక్కాలి. అది తహసీల్దారు ఆఫీసు పని. "పెళ్లయింది కాబట్టి నీకు రాదు" అనే అధికారం ఆ ఆఫీసుకు లేదు. చట్టాన్ని అది మార్చలేదు. అన్నదమ్ములు ఒప్పుకోకపోతే వాటా తేల్చేదీ తహసీల్దారు కాదు. సివిల్ కోర్టు.

కోర్టులో ఇంకో ప్రశ్న లేచింది. 2005కు ముందే తండ్రి చనిపోతే ఎలా? తండ్రి బతికి వుండాల్సిందే అని 2015లో సుప్రీంకోర్టు అంది. 2018లో ఇంకో తీర్పు వేరుగా వచ్చింది. చివరికి 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీలు తేల్చారు. కూతురి వాటా పుట్టుకతో వచ్చేది. తండ్రి బతికి వుండాల్సిన పని లేదు. చూడండి, కోర్టు కొత్త చట్టం చెయ్యలేదు. వున్న చట్టానికి అర్థం చెప్పింది.

అన్నిటికీ ఈ వాటా వర్తించదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు, అమ్మకాలు కదలవు. తండ్రి సొంత సంపాదన ఆయన ఇష్టం. వీలునామా రాసి ఎవరికైనా ఇవ్వవచ్చు. షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం లేదు.

మా కేంద్రంలో ఒక పెద్దమ్మ అడిగింది. "అన్నీ ఒకే ఆఫీసులో వుంటే తిరిగే బాధ తప్పేది కదా?" అని. నిజమే, తిరగడం బాధే. కానీ ఆ ఒక్క ఆఫీసే కాదంటే? ఇక వెళ్లడానికి తలుపే వుండదు.

ఈ మూడూ పూర్తిగా వేరు కూడా కాదు. మంత్రులు చట్టసభల నుంచే వస్తారు. కోర్టు మాత్రం విడిగా వుండాలని రాజ్యాంగం 50వ అధికరణం చెబుతుంది. తీర్పు నచ్చలేదని జడ్జిని ముఖ్యమంత్రి తీసెయ్యలేరు.

కోర్టంటే ఖర్చని భయమా? 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా లాయరును పెడతారు. జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఎక్కడుందో అడగండి. అర్జీ మీ చేత్తోనే రాసి ఇవ్వవచ్చు.