యానాం ప్రాంతపు వంటకాలు

యానాం ప్రాంతపు వంటకాలు అనగా యానాం పట్టణంలోను, దానిని చుట్టి ఉన్న గోదావరి డెల్టా గ్రామాలలోను తరతరాలుగా వండుకొంటున్న ఆహార పదార్థాలు. యానాం పరిపాలన రీత్యా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన జిల్లా. భాషలోను, తిండిలోను మాత్రం ఇది పూర్తిగా గోదావరి సీమయే. ఇక్కడి వంటకాలలో కొన్ని ఊరు దాటి దేశదేశాలకు చేరాయి. మరికొన్ని నది ఒడ్డును విడిచి వెళ్ళలేవు. పరాయి ఊళ్ళలో స్థిరపడినవారికి సొంత ఊరిని ఎక్కువగా గుర్తుచేసేవి ఈ రెండవ రకపు వంటకాలే.

నేపథ్యం

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలే చోట యానాం ఉన్నది. సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ ప్రాంతపు జనాభా 2011 లెక్కల ప్రకారం 55,626. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. 1954లో వారి పాలన ముగిసింది, 1962లో చట్టరీత్యా భారతదేశంలో విలీనమయింది. ఫ్రెంచివారి జాడ పాత చర్చిలోను, కొన్ని కట్టడాలలోను, కొన్ని కుటుంబాల పౌరసత్వంలోను కనిపిస్తుంది. వంటింట్లో మాత్రం బియ్యం, కొబ్బరి, చింతపండు, మినుములు, చేపలదే రాజ్యం.

నదికి ఒకవైపు కోనసీమ, మరొకవైపు కాకినాడ ప్రాంతం. గౌతమిపై యానాం - ఎదుర్లంక వంతెన (బాలయోగి వారధి) నిర్మించక పూర్వం కోనసీమకు పంటు మీద దాటవలసి వచ్చేది. మంగళవారం సంతకు చుట్టుపక్కల గ్రామాల ప్రజలు యానాం వచ్చేవారు. ఈ రాకపోకల వలన కోనసీమ వంటకు, యానాం వంటకు మధ్య గీత గీయడం సాధ్యం కాదు.

పులస

ఈ ప్రాంతపు వంటకాలలో అగ్రస్థానం పులస పులుసుదే. పులస సముద్రంలో నివసించే చేప. అక్కడ దీనిని విలస అంటారు. జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి నదిలోనికి ఎదురీదుతుంది. మంచినీటిలో ఈదినకొద్దీ దాని రుచి మారుతుందని, అప్పుడే అది పులస అనిపించుకుంటుందని మత్స్యకారుల మాట. బెంగాలీలు ఎంతో ఇష్టంగా తినే ఇలిష్ కూడా ఇదే జాతి చేప.

యానాం నదీముఖానికి దగ్గరగా ఉండడం వలన పులస అమ్మకాలకు కేంద్రమయింది. వలలో పడిన చేపను ఒడ్డున వేలం వేస్తారు. మత్స్యకార మహిళలు పాడుకొని తిరిగి అమ్ముతారు. ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అనే సామెతను బట్టి దీని ధర ఈనాడే కాదు, ఏనాడూ తక్కువ కాదని తెలుస్తున్నది. ఒడిషా, బెంగాల్ నుండి వచ్చే చేపను పులసగా చెప్పి అమ్మడం కూడా ఉన్నది. కొత్తవారు ఈ తేడాను గుర్తించడం కష్టం.

వండే విధానం: చేప ముక్కలను మట్టి దాకలో చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు, కారంతో కలిపి కట్టెల పొయ్యి మీద సన్నని సెగన ఉడికిస్తారు. బెండకాయలు, వంకాయలు వేయడం పరిపాటి. ముక్క చితికిపోతుంది కనుక గరిటె పెట్టరు, దాకనే పట్టుకొని తిప్పుతారు. దించే ముందు ఆవకాయ మీద తేరిన నూనె గాని, వెన్న గాని వేస్తారు. వండిన నాడు కాక మరునాడు తినడమే పద్ధతి. రాత్రంతా నిలవ ఉన్న పులుసులో ముక్కకు పులుపు, ఉప్పు బాగా పడతాయి. ఈ గుణం వల్లనే పులుసు వండి దూరపు ఊళ్ళలో ఉన్న బంధువులకు పంపే ఆచారం సాధ్యమయింది. ఈ చేపకు ముళ్ళు ఎక్కువ. పిల్లలకు పెద్దలే ముళ్ళు తీసి పెడతారు.

చీరమేను

వరదలు తగ్గి తూర్పు గాలులు వీచే అక్టోబరు, నవంబరు నెలలలో నదీముఖం వద్ద కొద్ది రోజులు మాత్రమే దొరికే అతి చిన్న చేప చీరమేను. గుంపులుగా నీటిపైకి వచ్చే ఈ చేపను చీరలతో గాని, పలుచని గుడ్డతో గాని వడకట్టి పట్టడం వలన ఈ పేరు వచ్చిందంటారు. దీనిని తూకం వేయరు, గ్లాసులు, సేర్లు, బకెట్ల లెక్కన అమ్ముతారు. చింతచిగురుతో కలిపి కూరగా వండుతారు, పిండిలో కలిపి గారెలుగా కూడా వేస్తారు. పట్టిన కొద్ది గంటలలోనే వండాలి కనుక ఇది దూరం పోలేదు. తినాలంటే ఆ రోజులలో ఊరిలో ఉండాలి.

ఆకులలో వండేవి, ఆకులపై వడ్డించేవి

కోనసీమలోని అంబాజీపేట పొట్టిక్కలకు ప్రసిద్ధి. పనస ఆకులను పుల్లలతో బుట్టలుగా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరిపై ఉడికిస్తారు. పనస ఆకు వాసన పట్టిన ఈ ఇడ్లీని కొబ్బరి పచ్చడితో వేడిగా తింటారు. చల్లారితే ఆ వాసన తగ్గుతుంది. బుట్టలు కుట్టడానికి సమయం, నేర్పు కావాలి. అందువలన యంత్రాలతో పని చేసే హోటళ్ళలో ఇవి అరుదు.

లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టి చేసే పనసపొట్టు కూర మరొక ప్రత్యేకత. చింతపండు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, చివరలో ఆవపిండి ముద్ద కలుపుతారు. కంద బచ్చలి కూర, పూర్ణం బూరెలు కూడా శుభకార్యాలలో అరటి ఆకుపై తప్పక కనిపిస్తాయి. శీతాకాలంలో తాటి తేగలు, వేసవిలో ముంజెలు వస్తాయి. క్యాలెండరు చూడకుండానే ఇక్కడివారు తిండిని బట్టి నెలను చెప్పగలరు.

ఊరు దాటిన మిఠాయిలు

నిలవ ఉండే గుణం గల పదార్థాలు త్వరగా పేరు తెచ్చుకున్నాయి.

పూతరేకులు: ఆత్రేయపురం ఇందుకు పేరొందింది. బోర్లించిన కుండను ఎండు కొబ్బరి ఆకుల మంటతో వేడి చేసి, పలుచని బియ్యపు పిండి నీటిలో ముంచిన గుడ్డను దానిపై పరచి తీస్తారు. కాగితం కన్న పలుచని రేకు వస్తుంది. దానిలో నెయ్యి, పంచదార లేక బెల్లపు పొడి వేసి మడుస్తారు. ఈ పనిలో ఎక్కువ మంది స్త్రీలే. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

కాజాలు: కాకినాడ గొట్టం కాజా లోపల బోలుగా ఉండి పాకంతో నిండి ఉంటుంది. మండపేట సమీపంలోని తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా ఉంటుంది.

భోజనశాలలు

ఈ ప్రాంతంలో చిన్న ఫలహారశాలలను కాకా హోటళ్ళు అంటారు. ఉదయం ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, సెనగపిండితో చేసే బొంబాయి చట్నీ వీటిలో లభిస్తాయి. మధ్యాహ్న భోజనానికి కాకినాడలోని సుబ్బయ్య హోటల్ దశాబ్దాలుగా ప్రసిద్ధి చెందినది. అరటి ఆకులో కొసరి కొసరి వడ్డించడం, బుట్టలో కట్టి ఇచ్చే బుట్ట భోజనం దీని ప్రత్యేకతలు. సుబ్బయ్య గారి హోటల్ పేరుతో హైదరాబాదులో కూడా భోజనశాలలు వెలిశాయి. నగరంలో ఉద్యోగాలు చేసే డెల్టా ప్రాంతీయులకు ఇటువంటి చోట్లు ఊరివారు కలుసుకొనే తావులు కూడా. అయితే అక్కడ కూర దొరుకుతుంది గాని ఋతువు దొరకదు.

వలసలు, జ్ఞాపకాలు

యానాం పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫానులో ఘోరంగా దెబ్బతిన్నది. ఈ తీరం నుండి 19వ శతాబ్దంలో అనేకులు బర్మా, మారిషస్ వెళ్ళారు. అక్కడ తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. మనుషులకే రేవు పేరు మిగిలింది. బర్మాలో ఉన్నవారిలో చాలామంది 1942లో జపాను దాడి సమయంలో తిరిగి వచ్చారు. యానాం కుటుంబాలు కొన్ని ఫ్రాన్సులో స్థిరపడ్డాయి. నేడు గల్ఫ్ దేశాలలోను, అమెరికాలోను ఉన్నవారికి కాజాలు, పూతరేకులు, ఆవకాయ పొట్లాలుగా చేరుతున్నాయి. వరదల నాటి పులసకు, మరునాటి చీరమేనుకు మాత్రం ఇంటికే రావాలి.

ప్రస్తుత సమస్యలు

పులస లభ్యత ఏటికేడు తగ్గుతున్నదని మత్స్యకారులు చెబుతున్నారు. ధవళేశ్వరం వద్ద 1852లో పూర్తయిన ఆనకట్ట, తరువాతి బ్యారేజీ డెల్టాను అన్నపూర్ణగా మార్చాయి. అవే చేప ఎగువకు పోయే దారిని కూడా మూసివేశాయి. పులుసుకు తోడయ్యే అన్నం ఏ నీటితో పండుతున్నదో, ఆ నీటిని నిలిపిన కట్టయే చేపకు అడ్డయినది. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చిన తరువాత ఎగువన ఇలిష్ దాదాపు కనుమరుగయింది. దీనికి తోడు నదీముఖం వద్దనే సన్న కన్నుల వలలతో పట్టివేయడం, కాలుష్యం కూడా కారణాలు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యంత్రపు పడవల వేటపై నిషేధం ఉంటుంది. కాని పులస నదిలోనికి వచ్చే కాలం దాని తరువాతనే మొదలవుతుంది. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే అక్టోబరు మాసంలో 22 రోజులు ఈ చేప వేటను నిషేధిస్తారు. పిల్ల చేపలను పట్టడంపై కూడా నెలల తరబడి నిషేధం ఉంటుంది. గుడ్లతో నిండిన చేపకే ఎక్కువ ధర పలికే యానాం వంటి చోట ఇటువంటి నియమం మత్స్యకారుల కొద్దిపాటి ఆదాయపు రోజులను తగ్గిస్తుంది. కనుక ఆ రోజులకు భృతి ఇవ్వనిదే అది అమలు కావడం కష్టం. పూతరేకుల విద్యను మరొక ఊరిలో నేర్పవచ్చును. ఎర్రనీటికి ఎదురీదే చేప రావడం మానితే, ఆ పులుసు వండే విధానం ఎంత వివరంగా వ్రాసి ఉంచినా ప్రయోజనం ఉండదు.

ఇవి కూడా చూడండి

యానాం
కోనసీమ
పులస
కోరంగి
పూతరేకులు
ధవళేశ్వరం ఆనకట్ట